ఫీజు పెంచే ముందు ఒక మాట

సముద్రానికి దగ్గరగా, మాకు దూరంగా ఉన్న శ్రీవారికి,

మీరు బాగున్నారని రోజూ ఫోన్‌లో వింటూనే ఉన్నాను. అయినా ఉత్తరం రాస్తున్నానంటే ఏదో గట్టి విషయమే ఉందని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ఫోన్‌లో నేను ఏం చెప్పినా మీరు ఊ కొడతారు. ఆ ఊ కొట్టేది నా మాటలకో, రేవులో మీ క్రేనుకి వేలాడుతున్న పెట్టెకో నాకు ఎప్పుడూ తెలియదు. ఉత్తరమైతే మీరు అన్నం తిని, కళ్ళజోడు తుడుచుకుని, మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదువుతారు. అందుకని ఇది.

ముందు మంచి కబురు. నేను గెలిచాను. కాలేజీ పాలకమండలిలో విద్యార్థుల తరఫున కూర్చునే కుర్చీ ఒకటి ఉందని చెప్పాను కదా, దానికి నన్ను ఎన్నుకున్నారు. క్లాసులో అందరికంటే పెద్దదాన్ని కాబట్టి చేరిన కొత్తలో ఎవరో పిన్నీ అని పిలిచారు, ఇప్పుడు కాలేజీ మొత్తానికీ పిన్నినే. చరిత్ర చెప్పే లెక్చరరుగారు కూడా మొన్న నోరు జారి పిన్నిగారూ అన్నారు. ఆయనకి మా తమ్ముడి వయసు ఉంటుంది. నాకు పోటీగా నిలబడిన కుర్రాణ్ణి అందరూ మైకు అంటారు. వాడు మాట్లాడితే మైకు అక్కర్లేదు, పక్క వీధికి కూడా వినపడుతుంది. ఓడిపోయాక వాడే నా దగ్గరకి వచ్చి, అరవాల్సి వస్తే తనని పిలవమనీ, మాట్లాడాల్సి వస్తే నన్ను చూసుకోమనీ పని పంచేసి వెళ్ళాడు.

నిన్న మొదటి సమావేశానికి వెళ్ళాను. మేడమీద, కిటికీలన్నీ మూసి ఉండే పొడవాటి గది. బల్ల మీద పరిచిన ఆకుపచ్చ గుడ్డకి అంచు కుట్టు ఊడిపోయింది. ఇన్నేళ్ళు బట్టలు కుట్టిన చెయ్యి ఊరుకుంటుందా, మీటింగు జరిగినంతసేపూ ఆ అంచునే మడత పెడుతూ కూర్చున్నాను. అధ్యక్షులవారు ఏదో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఎవరినీ నొప్పించకుండా మాట్లాడతారు. ఆయన మాట్లాడుతుంటే మనకి ఏదో మేలు జరుగుతున్నట్టే ఉంటుంది, ఏం జరిగిందో ఇంటికొచ్చాక గాని తెలియదు. పక్కన ప్రిన్సిపాల్‌గారు. ఆయన మంచి మనిషేనండీ. వరండాలో ఎదురుపడితే పిల్లల్ని వాళ్ళ ఊళ్ళ గురించి అడుగుతారు. కానీ నిన్న ఆయన ఎవరి కళ్ళలోకీ చూడలేదు.

తోట గురించి, సైకిళ్ళ షెడ్డు గురించి మాట్లాడుకున్నాక, ఇక లేవబోతారనగా ఒక కాగితం అందరికీ పంచారు. వచ్చే ఏడాది నుంచి ఫీజు పెంచాలన్న ప్రతిపాదన. ఎంత పెంచుతారో ఉంది గాని ఎందుకో లేదు. ఖర్చులు పెరిగినందున అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. చదివి తిరిగి ఇచ్చేయమన్నారు. సెలవులిచ్చాక ఇంకోసారి కూర్చుని ఆమోదించేద్దామన్నారు. అందరూ సరే సరే అంటూ తలూపుతున్నారు. నేను చెయ్యెత్తాను. ఈ సంగతి కాలేజీలో ఎప్పుడు చెబుతారని అడిగాను.

"ఆమోదం అయ్యాక చెబుతామమ్మా," అన్నారు అధ్యక్షులవారు.

"అయిపోయాక చెప్పడాన్ని చెప్పడం అనరండీ, చాటింపు వెయ్యడం అంటారు," అన్నాను.

ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చేశారు. అధ్యక్షులవారు మాత్రం ఇంకా మెత్తగా, ఈ గదిలో మాట ఈ గదిలోనే ఉండాలనీ, ఆ మేరకు నేను మాటివ్వాలనీ అన్నారు. నాకు కోపం రాలేదు. మీకు నా సంగతి తెలుసు, నిజంగా ఒక పని చెయ్యాలని తేల్చుకున్నాక నాకు కోపం ఉండదు. నన్ను పంపింది ఆ పిల్లలు, వాళ్ళకి చెప్పకుండా దాచేదాన్నైతే నేనిక్కడ ఎవరి తరఫున కూర్చున్నట్టు, మాటివ్వలేనండీ అని చెప్పి, కాగితం బల్ల మీద పెట్టేసి వచ్చాను.

రేపు పిల్లలందరికీ చెబుతాను. నన్ను ఆ కుర్చీలోంచి లేపేస్తారేమో తెలియదు. మీ చెవిన ముందుగా వేస్తున్నాను, ఎవరో చెబితే వినడం వేరు, నేను చెబితే వినడం వేరు కదా. పాప పరీక్షలకి బాగానే చదువుతోంది. స్కూలు అయిపోగానే మా కాలేజీలోనే చేరతానని ఒకటే గొడవ. అమ్మా కూతుళ్ళం ఒకే గేటులోంచి వెళితే ఎవరు ఎవరికి దారి చూపిస్తారో చూడాలి.

ఇట్లు,
కాలేజీ మొత్తానికి పిన్ని, మీకు మాత్రం మీ ఆవిడ

*

ఏమండీ,

ఈసారి ముద్దుగా ఏమీ రాయబుద్ధి కావడం లేదు. అయినా ఏమండీ అని రాస్తే అందులో సగం అలకా సగం ఆపేక్షా వాటంతటవే వచ్చేస్తాయి, మీరు ఏది కావాలంటే అది తీసుకోండి.

ముందు కాలేజీ సంగతి. క్యాంటీను మెట్ల మీద నిలబడి పిల్లలందరికీ చెప్పేశాను. అరుపులు మొదలయ్యాయి. గేటుకి తాళం వేద్దామని మైకు అన్నాడు. వాడి గొంతుకి పక్కన చెట్ల మీద పిట్టలు కూడా లేచిపోయాయి. నేను వద్దన్నాను. గేటుకి తాళం వేస్తే వాళ్ళ తలుపుకి మనమే ఇంకో తలుపు చేర్చినట్టు అవుతుంది, మనకి కావలసింది తలుపులు తీయించడం అన్నాను. పెంచొద్దని అడగడానికి కూడా మనకి ఇంకా ఏమీ తెలియదు. ఎందుకు పెంచుతున్నారో ముందు అందరికీ చెప్పమందాం, చెప్పాక ఒప్పుకోవాలో కొట్లాడాలో తేల్చుకుందాం అన్నాను. వాడికి నచ్చలేదు గాని, అరిచే పని నీది, మాట్లాడే పని నాది అని నువ్వే కదా పంచావు అంటే నవ్వేసి ఒప్పుకున్నాడు.

ఏం చేశామో తెలుసా? సెలవులు దగ్గరపడ్డాయి కదా, పిల్లల సామాన్లు ముందుగా ఇంటికి చేర్చడానికి పెద్దవాళ్ళు వస్తున్నారు. వచ్చిన ప్రతివాళ్ళనీ ముందు ప్రిన్సిపాల్‌గారి గదికి వెళ్ళి ఒక్క మాట అడిగి రమ్మన్నాం. ఎంత పెంచుతున్నారని కాదు, ఎందుకు పెంచుతున్నారని. గొడవ చెయ్యొద్దు, గొంతు పెంచొద్దు, నమస్కారం పెట్టి అడిగి రమ్మన్నాం. వరండా నిండిపోయిందండీ. బస్సు కండక్టర్లు, టీచర్లు, కూరగాయలమ్మే వాళ్ళు, ఇస్త్రీ చొక్కాల ఆఫీసువాళ్ళు అందరూ ఒకే వరసలో. ముందున్నవాళ్ళు బయటికి రాగానే వెనకవాళ్ళు, "ఏమన్నా చెప్పారా?" అని అడగడం, "ఖర్చులు పెరిగాయట," అని వాళ్ళు చెప్పడం, "ఏ ఖర్చులో కనుక్కుందాం," అని వీళ్ళు లోపలికి వెళ్ళడం. ప్యూను మంచినీళ్ళు మోసి మోసి, వీళ్ళకి సమాధానమేదో చెప్పేస్తే నా నడుం నిలబడుతుంది సార్ అన్నాడట.

సాయంత్రం ప్రిన్సిపాల్‌గారు నన్ను పిలిపించారు. తిడతారనుకున్నాను. కుర్చీలో బాగా వెనక్కి వాలి, చాలా అలసిపోయి ఉన్నారు. నోటీసుబోర్డు మీద అంటించలేని కారణాలు కూడా ఉంటాయనీ, చెబితే జనం భయపడతారనీ, భయపడితే కాలేజీ ఖాళీ అవుతుందనీ అన్నారు. అవేమిటో నాకు మాత్రం చెబుతాను, నాలోనే ఉంచుకోమన్నారు. నాకూ ఒక్క క్షణం ఆశపుట్టింది, అబద్ధమెందుకు. తెలిసిన నలుగురిలో ఒకతెనవడం బాగానే ఉంటుంది. కానీ తెలుసుకుని దాచిపెడితే ఆ మూసిన గదిలో నేనూ ఒక కిటికీ మూసినదాన్నే అవుతాను.

"నాకు చెప్పొద్దండీ. అందరికీ చెప్పండి, అందరితోపాటు నేనూ వింటాను," అన్నాను.

ఆయన తలుపు వైపు చూశారు. గది బయట జనం ఇంకా ఉన్నారు, ఎవరో చంటిపిల్లని ఊరుకోబెడుతున్నారు. చివరికి లేచి, అధ్యక్షులవారికి ఫోన్ చేసి, సెలవుల్లో జరగాల్సిన సమావేశం సెలవులకి ముందే, పెద్ద హాల్లో, అందరి ముందూ జరుపుతున్నానని చెప్పారు. అడగలేదు, చెప్పారు. అవతల నుంచి ఏం విన్నారో గాని, "నన్ను మార్చాలంటే మార్చండి, ఆ సంగతి కూడా హాల్లోనే చెబుతాను," అని పెట్టేశారు. వచ్చే వారం మీటింగు. ఆయన చేత ఆ మాట అనిపించినందుకు నాకు గర్వంగా ఉంది, ఆయన అన్నందుకు ఇంకా గర్వంగా ఉంది.

ఇంత సంతోషంతో ఇంటికొచ్చాను. పాప ఎదురొచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది. ఎందుకే అంటే చెప్పదు. బుజ్జగించి అడిగితే చెప్పింది. మీరు దానితో ఫోన్‌లో మాట్లాడారట. ఫీజులు పెరిగేలా ఉన్నాయి, వచ్చే ఏడాది మీ అమ్మ మానేస్తుంది, నువ్వు చేరుదువుగాని, అప్పుడే అమ్మతో అనకు, నేను వచ్చాక మెల్లిగా చెబుతాను అన్నారట.

నేను మిమ్మల్ని తిట్టడం లేదు. మీరు పాప కోసమే అన్నారని తెలుసు. మీ స్థానంలో ఉంటే నేనూ ఆ లెక్కే వేసుకునేదాన్నేమో. పాపకి నేనడ్డమైతే నాకై నేనే తప్పుకుంటాను, మీరు చెప్పనక్కర్లేదు. కానీ నా చదువు గురించి నిర్ణయం జరిగింది, ఆ గదిలో నేను లేను. జరిగాక మెల్లిగా చెబుతారట. నేను అధ్యక్షులవారితో అన్న మాటే మీతోనూ అనాల్సి వస్తుందని కల్లో కూడా అనుకోలేదు. పెళ్ళయి పాప పుట్టి, మళ్ళీ పుస్తకం పట్టుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఇంకొకరి బట్టలు కుడుతూ ఈ మధ్యలో నేనేం కలలు కన్నానో మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అవన్నీ తెలిసిన మీరే నన్ను అడగకుండా తేల్చేస్తే, తెలియనివాళ్ళని నేనేం నిలదీయను?

నేను మానను. మానాల్సి వస్తే మనం ముగ్గురం ఎదురెదురుగా కూర్చుని అనుకున్నాక మానతాను. ఇది బెదిరింపు కాదు, మాట. పాపని ఏమీ అనకండి. నాకు చెప్పి మంచి పని చేసింది. ఏడ్చి ఏడ్చి నిద్రపోతోంది.

వేళకి తినండి. కోపంలో కూడా ఆ మాట రాయకుండా ఉండలేను.

ఇట్లు,
ప్రస్తుతానికి విద్యార్థిని, ఎప్పటికీ మీ భార్య

*

నా మాట విన్న మీకు,

మీ ఉత్తరం అందింది. మీ చేతి రాత చూసి ఎన్నాళ్ళయిందో. తప్పయింది అని మీరు అంత పెద్ద అక్షరాలతో రాశారు గాని, చిన్నవైనా నాకు కనపడేవి. నువ్వు మానొద్దు, ఇక ఆ మాట ఎత్తను అని రాశారు చూడండి, అదీ మీరొక్కరే నిర్ణయించేశారు. నవ్వొచ్చింది. పరవాలేదు, ఒక్కసారిగా మారమంటే మనిషికి కష్టమే. మీరు వచ్చాక కూర్చుందాం.

ఇక హాలు సంగతి వినండి. కుర్చీలు చాలక గోడల పొడవునా నిలబడ్డారు. కిటికీలన్నీ తీసి ఉన్నాయి, బయట కూడా జనమే. వేదిక మీద అధ్యక్షులవారు ముఖం గంటు పెట్టుకుని కూర్చున్నారు. నేను ఆ చివరి కుర్చీలో. పాప వెనక వరసలో తన స్నేహితురాళ్ళతో కూర్చుంది.

ప్రిన్సిపాల్‌గారు కాగితం చూడకుండా మాట్లాడారు. ప్రభుత్వం ఇచ్చేది ఏటేటా తగ్గుతోందని, రిటైరైన లెక్చరర్ల చోట కొత్తవాళ్ళని వెయ్యలేదని, రసాయనశాస్త్రం పిల్లలు లాబులో చెప్పేవాళ్ళు లేక పుస్తకంలో బొమ్మలు చూసి పరీక్షలకి వెళుతున్నారని చెప్పారు. అవి మాకు కొంత తెలిసినవే. తర్వాత ఆగి, గ్లాసులో నీళ్ళు తాగి, ఆడపిల్లల హాస్టలు పైకప్పు బాగా పాడైపోయిందని, చూసిన ఇంజనీరు పైఅంతస్తులో మనుషులు ఉండకూడదని చెప్పి చాలాకాలమైందని అన్నారు. బాగుచేయమని పైకి రాస్తే జవాబు లేదట. ఈ సంగతి బయటపడితే తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకెళ్ళిపోతారని, ఫీజు పెంచి ఎవరికీ తెలియకుండా బాగుచేయించేద్దామని మండలి అనుకుందట. అందుకే గుట్టు.

 మైకు కూడా నోరెత్తలేదు. అప్పుడు మధ్యలోంచి ఒక అమ్మాయి లేచింది. సన్నగా ఉంటుంది, ఎప్పుడూ ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు.

"ఆ పైఅంతస్తులో పడుకునేది నేను సార్," అంది. "వాన పడితే మంచం జరుపుకునేవాళ్ళం. అంతకంటే ఏముంది అనుకున్నాం. మాకెందుకు చెప్పలేదు?"

ఆయన చేతులు జోడించారు. ఆ అమ్మాయి కూర్చోలేదు, చెప్పండి సార్ అని అలాగే నిలబడింది. వాళ్ళ నాన్న కాబోలు, పక్కనున్న పెద్దాయన ఆమె చెయ్యి పట్టుకుని తనూ లేచి నిలబడ్డాడు. ఇంకొకాయన లేచాడు. చూస్తుండగా హాలంతా నిలబడింది. 

నేను లేచి వేదిక మీదున్న అసలు మైకు ముందుకి వెళ్ళాను.  మిగతా విషయాలు తర్వాత, ముందు ఆ పిల్లలు ఈ రోజు ఎక్కడ పడుకుంటారో తేల్చండి, అది తేలేదాకా ఇంకో మాట మాట్లాడొద్దు అన్నాను. గ్రంథాలయం మేడమీద చదువుకునే హాలు ఖాళీగానే ఉంది. అప్పటికప్పుడు మగపిల్లలు వెళ్ళి మంచాలు మోసుకొచ్చారు. మీటింగు అలా ఆగిపోయి, పరుపులన్నీ మేడెక్కాక మళ్ళీ మొదలైంది. మంచాలు మోసిన చేతులతో వచ్చి కూర్చున్నవాళ్ళ ముందు ఎవరైనా బడాయిలు పోతారా? అందరూ సూటిగా మాట్లాడారు.

తల్లిదండ్రులు చాలా అడిగారు. పైకప్పు ప్రభుత్వం ఆస్తి, దాన్ని మా పిల్లల ఫీజుతో ఎందుకు కట్టాలని ఒక టీచరమ్మ అడిగింది. అది న్యాయమే అని ప్రిన్సిపాల్‌గారే ఒప్పుకున్నారు. పైకప్పు కోసం హాల్లో ఉన్నవాళ్ళందరం కలిసి ప్రభుత్వం దగ్గరకి వెళ్ళాలని తేలింది. లెక్చరర్లు లేని లోటు మాత్రం ఎదురుచూస్తే తీరదు, ఒక బ్యాచి తర్వాత ఒక బ్యాచి నష్టపోతుంది. దానికి మాత్రం ఫీజు కొంచెం పెంచాలని, అదీ మొదట అనుకున్నదానికంటే చాలా తక్కువని, ఇప్పటికే చదువుతున్నవాళ్ళకి పాత ఫీజేనని, కొత్తగా చేరేవాళ్ళకే పెంపు అని ప్రతిపాదన మారింది. ఇకమీదట ఫీజు మాట ఎత్తాలంటే కారణాలన్నీ ముందుగా అందరికీ చెప్పి, ఇలాగే హాల్లో మాట్లాడాకే ఓటు అని కూడా చేర్చారు.

అర్థమైందా? నాకు పాత ఫీజే. పెరిగేది కొత్తగా చేరే పాపకి.

మండలి వాళ్ళం అక్కడే, అందరి ముందూ చేతులెత్తాలి. నేను వెనక వరసలో పాప ముఖం చూశాను. దానికి అప్పటికే అర్థమైపోయింది. నేను చెయ్యెత్తాను. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. మీటింగయ్యాక మైకు వచ్చి, "నువ్వేంటి పిన్నీ, నువ్వు కూడానా?" అన్నాడు. వాడి గొంతు అంత తగ్గడం నేను మొదటిసారి విన్నాను. ఎందుకో చెప్పమని మనమే అడిగాం, చెప్పారు, విన్నాం, లాబులో పాఠం చెప్పే మనిషి లేడన్నది నిజం, నిజమని తెలిశాక కూడా కాదనడానికి నేను ఆ కుర్చీలో కూర్చోలేదు అన్నాను. వాడు ఒప్పుకోలేదు. కొందరు పిల్లలు రెండు రోజులు నన్ను పిన్నీ అని పిలవలేదు, మేడమ్ అన్నారు. నొప్పిగానే ఉంది. అయినా నేను చేసింది సరైనదేనని నాకు ఇప్పటికీ అనిపిస్తోంది. మళ్ళీ ఆ హాల్లో నిలబెట్టినా ఆ చెయ్యే ఎత్తుతాను. మైకు నిన్న వచ్చి, ప్రభుత్వం దగ్గరకి వెళ్ళేటప్పుడు అరవడానికి ఎవరైనా కావాలి కదా అని ముందు వరసలో తన పేరు రాయించుకున్నాడు.

ఇంటికి నడిచొస్తుంటే పాప నాకంటే ముందు నడిచింది. పిలిచినా ఆగలేదు. అన్నం పెడితే తినేసి లేచింది. మర్నాడు పొద్దున నేను కుట్టుమిషను దగ్గర కూర్చుంటే వచ్చి పక్కన నిలబడింది. ఇంట్లో నీ ఒక్కదాని ఫీజే పెరుగుతుందని కోపంగా ఉందా అని అడిగాను. కోపం దానికి కాదంది. నేను చెయ్యెత్తే ముందు తన ముఖం చూశాను కదా, తనకోసం ఎత్తకుండా ఊరుకుంటానేమోనని భయపడిందట. ఎత్తకపోయి ఉంటే ఇక జన్మలో మాట్లాడేదాన్ని కాదంది. మరి మాట్లాడకుండా ఎందుకున్నావే అంటే, నీకు చెప్పడానికి సిగ్గేసింది అంది. మీ కూతురు మీలాంటిదే, మెచ్చుకోవాలంటే ఒక పూట అలగాలి.

డబ్బుల సంగతి మీరు వచ్చాక ముగ్గురం మాట్లాడుకుందాం. నాకు కొన్ని ఉపాయాలున్నాయి, పాపకీ ఉన్నాయట, మీకూ ఉండే ఉంటాయి. అన్నీ బయట పెట్టుకుందాం. ఎవరూ మానకుండా దారి దొరుకుతుందని నాకు నమ్మకం.

ఇంకో సంగతి. నా కోర్సు ఇంకో ఏడాదిలో అయిపోతుంది కదా, ఆ కుర్చీ ఖాళీ అవుతుంది, నేను వెళ్ళే ముందే దానికి ఎన్నిక పెడతారు. నిన్న సాయంత్రం పాప నా వెనకాలే తిరుగుతూ, అప్పటికి తను కాలేజీలో ఉంటుంది కాబట్టి దానికి పోటీ చేస్తే ఎలా ఉంటుందని అడిగింది. చెయ్యమన్నాను. "మరి నువ్వు నాకే ఓటేస్తావా అమ్మా?" అంది. ఏం చేస్తావో ముందు అందరి ముందూ చెప్పు, నచ్చితే వేస్తాను అన్నాను. అప్పటి నుంచీ అద్దం ముందు నిలబడి ప్రసంగం తయారుచేసుకుంటోంది. ఇప్పుడు కూడా వినపడుతోంది, నిజం చెప్పాలంటే బాగానే మాట్లాడుతోందండీ.

ఇట్లు,
మీ ఆవిడ